పవర్ సప్లై మొరాయిస్తే వినకూడని సలహాలు

చర్లలో హామ్ రేడియో పట్టుకున్న కుర్రాడికి సలహాలకు కొదవ ఉండదు. మోటార్లు రివైండింగ్ చేసే ఆయన ఒకటి చెబుతాడు, టీవీ మెకానిక్ ఇంకొకటి చెబుతాడు, సెల్‌ఫోన్లు బాగుచేసే తమ్ముడు మరొకటి. వాళ్ళ వాళ్ళ పనిలో అందరూ గట్టివాళ్ళే. కానీ ఓసిల్లోస్కోపు, నానో వీఎన్‌ఏ, సిగ్నల్ జనరేటర్, 13.8 వోల్టుల బెంచ్ సప్లై లాంటి వాటికి కరెంటు జబ్బు చేసినప్పుడు ఊళ్ళో వినిపించే సలహాల్లో కొన్ని పరికరాన్ని చంపుతాయి, కొన్ని మనిషినే చంపుతాయి. అందుకే ఆ మాటల్ని ఒకచోట చేర్చి, ఏది ఎందుకు తప్పో, దాని బదులు ఏం చెయ్యాలో రాస్తున్నాను.

ఇదంతా కాలక్షేపం వ్యవహారమే కదా, ఇంత పట్టింపు ఎందుకని కొందరు అంటారు. భద్రాచలం దగ్గర గోదావరి 53 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు వచ్చింది. 2022 జూలైలో 71.3 అడుగులు. అలాంటి రోజుల్లో దుమ్ముగూడెం, చర్ల వైపు రోడ్డు నీళ్ళ కింద ఉంటుంది, కరెంటు తీసేస్తారు, టవర్ బ్యాటరీలు అయిపోతే ఫోన్లూ మూగబోతాయి. అప్పుడు మిగిలేది హామ్ రేడియోనే. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు హామ్ ఆపరేటర్ భారతీ ప్రసాద్ పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నారు. హైదరాబాద్‌లో 1983లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున, హామ్ ప్రసారాల కోసం అప్పటికే అక్కడికి వెళ్ళిన జట్టు ఆమెది. ఫోన్లు పోయిన దీవుల నుంచి ఆ రేడియోల మీదే కబుర్లు బయటికొచ్చాయి. అలాంటి రోజున రేడియోకు కరెంటు అందకపోతే ఎంత మంచి యాంటెన్నా ఉన్నా ఏం లాభం?

అన్నిటికంటే ముందు వినిపించే తప్పుడు మాట: "ముందు విప్పి చూద్దాం పట్టు."

విప్పకండి. జబ్బు పెట్టె లోపలే ఉందని ఇంకా తేలలేదు. ముందు మీ మల్టీమీటరులో 9 వోల్టుల బ్యాటరీ మార్చండి. చౌక మీటర్లలో బ్యాటరీ నీరసిస్తే రీడింగు తగ్గదు, పెరుగుతుంది. లేని ఓల్టేజీని ఉన్నట్టు చూపించే మీటరుతో మొదలుపెడితే రోజంతా దారి తప్పుతారు. ఆ తర్వాత గోడ సాకెట్ కొలవండి. గోదావరికి అవతల మణుగూరు పక్కన 1080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రం ఉంది, నిజమే. కానీ మన దాకా వచ్చే లైను అడవిలోంచి, చెట్ల కొమ్మల మధ్య నుంచి వస్తుంది. ఫీడరు చివర ఉన్న ఊళ్ళో సాయంత్రం మోటార్లూ ఫ్యాన్లూ ఒక్కసారి తిరిగితే 230 ఉండాల్సిన చోట 170 కనిపించడం వింత కాదు.

ఆ 170 ఏం చేస్తుందో లెక్క చూడండి. ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జి, 723 ఐసీ, 2ఎన్3055 ట్రాన్సిస్టర్లతో కట్టుకున్న పాతకాలపు లీనియర్ సప్లై ఉందనుకుందాం. దాని సెకండరీ 18 వోల్టులు. గోడలో 170 ఉంటే సెకండరీలో 13.3 మాత్రమే వస్తుంది. పీక్ 18.8. బ్రిడ్జిలో రెండు డయోడ్లు సుమారు 2 వోల్టులు తింటాయి. మిగిలిన 16.8లో లోడు పడినప్పుడు రిపుల్ ఇంకో వోల్టో రెండో కిందికి లాగుతుంది. 13.8 నిలకడగా ఇవ్వాలంటే రెగ్యులేటరుకు పైన కనీసం 3 వోల్టులు ఉండాలి. ఆ 3 అక్కడ లేవు. అంతే, మీ ప్రసారంలో గుర్రుమనే హమ్ మొదలవుతుంది. దాన్ని విని కెపాసిటర్లన్నీ మార్చే వాళ్ళున్నారు. ఆ సప్లైలో ఏ భాగమూ పాడవలేదు. పొద్దున్నే, లైను నిండుగా ఉన్నప్పుడు హమ్ లేకుండా ఉంటే పరికరం మీద చెయ్యి వెయ్యకండి. దానికి స్టెబిలైజర్ కావాలి. 100 నుంచి 240 దాకా తీసుకుంటానని చీటీ మీద రాసి ఉన్న ఎస్ఎంపీఎస్‌కు ఆ అవసరం కూడా లేదు.

ఓల్టేజీ నిండుగా ఉన్నా హమ్ ఉంటే అప్పుడు లోపలి మాట. స్కోపులో 100 హెర్ట్జ్ రిపుల్ బాగా పెరిగి కనిపిస్తే ఫిల్టర్ కెపాసిటర్ ఎండింది. 50 హెర్ట్జ్ కనిపిస్తే బ్రిడ్జిలో ఒక డయోడ్ తెగి ఉండొచ్చు. ఈ రెండిటి మధ్య తేడా తెలిస్తే సగం సామాను కొనే బాధ తప్పుతుంది.

మీ ఇంట్లో బల్బులు ఉన్నట్టుండి తెల్లగా మండిపోతూ పక్కింట్లో మసకబారితే అది లో ఓల్టేజీ కాదు, న్యూట్రల్ తెగింది. ఒక్క ఫేజు ఉన్న ఇంటికి 400 వోల్టుల దాకా రావచ్చు. కొలవడం, ఆలోచించడం తర్వాత. ముందు మెయిన్ దించండి. టెస్టరు వెలుగుతోంది కాబట్టి లైను బాగానే ఉందనే మాట కూడా పట్టించుకోకండి. న్యూట్రల్ తెగినా టెస్టరు వెలుగుతుంది.

ఇక రెండోది, అన్నిటికంటే ప్రమాదమైనది: "ఫ్యూజు ఊరికే పోతోందా? లావు తీగ చుట్టెయ్ అన్నా, ఏం కాదు."

ఫ్యూజు ఊరికే పోదు. ముఖ్యంగా లీనియర్ సప్లైలో. అందులో పాస్ ట్రాన్సిస్టరు షార్ట్ అయితే 13.8 రావాల్సిన చోట 20 వోల్టుల పైనే నేరుగా రేడియోలోకి పోతుంది. దాన్ని ఆపడానికే క్రౌబార్ సర్క్యూట్ పెడతారు. ఓల్టేజీ హద్దు దాటగానే ఒక ఎస్సీఆర్ అవుట్‌పుట్‌ను షార్ట్ చేసి ఫ్యూజును కావాలని పేల్చేస్తుంది. అంటే ఆ ఫ్యూజు పోవడం వల్లే మీ రేడియో బతికింది. అక్కడ తీగ చుట్టినా, "ఈ ఎస్సీఆరే గొడవ చేస్తోంది, పీకెయ్" అన్న మాట విన్నా, మళ్ళీ స్విచ్ వేసిన క్షణంలో వేల రూపాయల రేడియో పోతుంది. చేయవలసింది ఇది: రేడియో తీసి పక్కన పెట్టండి. 60 లేదా 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బును ఫేజు వైరులో సిరీస్‌గా కలిపి సప్లైకి కరెంటు ఇవ్వండి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే పెద్ద షార్ట్ లేదు. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉంది. ఇక అప్పుడు డయోడ్లు, పాస్ ట్రాన్సిస్టర్లు ఒక్కొక్కటే మీటరుతో చూడండి. పాత రేడియో మెకానిక్కులు ఈ సిరీస్ బల్బు లేకుండా బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు కాదు. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు, కాబట్టి పాత బల్బు కనిపిస్తే పారెయ్యకండి.

మూడోది ఎర్తు. "స్కోపు ముట్టుకుంటే జివ్వుమంటోందా? మూడో పిన్ను తీసెయ్." కథ అసలు తలకిందులుగా ఉంది. మూడో పిన్నుకు ఎర్తు అందకపోవడం వల్లే జివ్వుమంటోంది. పరికరం లోపలి ఫిల్టరులో ఫేజు నుంచీ న్యూట్రల్ నుంచీ చట్రానికి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్తు లేకపోతే చట్రం సుమారు 115 వోల్టుల దగ్గర తేలుతుంది. కరెంటు కొంచెమే కాబట్టి జివ్వుమని వదిలేస్తుంది. ఆ పిన్ను తీశాక లోపల ఎప్పుడైనా ఫేజు చట్రానికి తగిలితే వదలదు. మన ఊళ్ళలో మూడు రంధ్రాల సాకెట్ ఉన్నా వెనక ఎర్తు వైరే ఉండని ఇళ్ళు చాలా ఉన్నాయి. ఫేజుకూ ఎర్తుకూ మధ్య సిరీస్ బల్బు పెట్టి చూడండి. నిండుగా వెలగకపోతే గొయ్యి తవ్వించి, బొగ్గూ ఉప్పూ వేసి సరైన ఎర్తింగ్ పెట్టించాకే స్కోపు కొనండి. ఎర్తింగ్ మీద ఖర్చు రేడియో మీద ఖర్చులో భాగమేనని నా గట్టి అభిప్రాయం.

దీనికి అన్నలాంటి సలహా ఇంకొకటి ఉంది. ఎస్ఎంపీఎస్ ప్రైమరీ వైపు కొలవాలంటే స్కోపు ఎర్తు కోసేసి "ఫ్లోట్" చెయ్యమంటారు. స్కోపు బీఎన్‌సీ సాకెట్ల బయటి భాగం చట్రానికే కలిసి ఉంటుంది. ప్రోబు క్లిప్పు ఫేజు వైపు తగిలితే మీ చేతి కింద ఉన్న స్కోపు మొత్తం 230 వోల్టుల మీద ఉంటుంది. కొలవాల్సిన సప్లైని ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద పెట్టండి, స్కోపును కాదు. అది లేకపోతే రెండు ప్రోబులు రెండు బిందువుల మీద పెట్టి, క్లిప్పులు ఎక్కడా తగిలించకుండా, ఒక ఛానెల్‌లోంచి ఇంకొకటి తీసివేసి చూడండి. ప్రోబులు ఆ ఓల్టేజీకి సరిపోతాయో లేదో ముందు చూసుకోండి. అదే ఎస్ఎంపీఎస్‌లో పెద్ద కెపాసిటర్ మీద 325 వోల్టులు నిలిచి ఉంటాయి. దాన్ని స్క్రూడ్రైవరుతో షార్ట్ చెయ్యమనే మాట విని కళ్ళలోకి లోహపు ముక్కలు ఎగరనివ్వకండి. ప్లగ్గు తీసి, 2.2 కిలో ఓముల 10 వాట్ల రెసిస్టరును ఇన్సులేషన్ ఉన్న తీగలతో తగిలించి, మీటరు సున్నా దగ్గరకు వచ్చాకే చెయ్యి పెట్టండి.

"మీటరు 13.8 చూపిస్తోంది, సప్లై బాగానే ఉంది" అనేది వినడానికి బాగుంటుంది. లోడు లేకుండా కొలిచిన ఓల్టేజీ ఏమీ చెప్పదు. ట్రాక్టరు హెడ్‌లైటు బల్బు, 55 వాట్లది, తగిలించి కొలవండి. అది 4 ఆంపియర్లకు పైగా లాగుతుంది. 100 వాట్ల రేడియో 20 ఆంపియర్లు అడుగుతుంది, కాబట్టి నాలుగు బల్బులు పక్కపక్కన కడితే ఇంకా మంచిది. కొలతను సప్లై దగ్గర ఒకసారి, రేడియో ప్లగ్గు దగ్గర ఒకసారి తియ్యండి. ఈ రెండిటి మధ్య తేడాలోనే చాలా జబ్బులు దొరుకుతాయి. ఇంటి లైట్లకు వాడే 1.5 ఎస్‌క్యూఎంఎం వైరు 3 మీటర్లు వేస్తే, పోనూ రానూ 6 మీటర్లలో 20 ఆంపియర్లకు దాదాపు ఒకటిన్నర వోల్టు దారిలోనే పోతుంది. బ్యాటరీ మీద 12.5 ఉన్నా రేడియోకు అందేది 11 మాత్రమే. చాలా రేడియోలు 11.7 కంటే కిందికి ఒప్పుకోవు, ప్రసారం మొదలవగానే ఆగిపోతాయి. 6 ఎస్‌క్యూఎంఎం వైరు వేస్తే నష్టం 0.4 వోల్టు కూడా ఉండదు. బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టడం మాత్రం మరచిపోకండి. బ్యాటరీకి యాసిడ్ పొయ్యమనే వాళ్ళ మాటా వద్దు, డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి.

నానో వీఎన్‌ఏ చార్జింగ్ ఎక్కకపోతే "బోర్డు పోయింది" అంటారు. పాత బోర్డులు కొన్నిటిలో టైప్-సీ పోర్టుకు ఉండాల్సిన 5.1 కిలో ఓముల రెసిస్టర్లు లేవు. రెండు వైపులా టైప్-సీ ఉన్న కేబులు పెడితే కొత్త చార్జరు కరెంటే ఇవ్వదు. ఒక వైపు పాత వెడల్పు యూఎస్‌బీ ఉన్న కేబులు పెట్టి చూడండి.

వానాకాలంలో పిడుగుల వేళ కోయాక్సూ ప్లగ్గూ రెండూ తీసెయ్యాలి, ఒక్కటే తీస్తే చాలదు. సప్లై లోపల బల్లులూ చీమలూ దూరకుండా గాలి రంధ్రాలకు సన్నని జాలీ కట్టండి. ఇంకొక మాట: మనది సరిహద్దు అడవి ప్రాంతం. టెలికమ్యూనికేషన్ల శాఖ పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకోకుండా ప్రసారం చెయ్యకండి, బయటికి రేడియో తీసుకెళ్తే లైసెన్సు కాపీ వెంట ఉంచుకోండి.

వచ్చే జూన్ లోపల ఒక పని చెయ్యండి. మీ సప్లైని, బ్యాటరీని నిండు లోడు మీద పెట్టి, రేడియో ప్లగ్గు దగ్గర ఓల్టేజీ కొలిచి, ఆ అంకెనూ తేదీనీ మార్కరుతో పెట్టె మీదే రాయండి. గోదావరి పెరుగుతున్న రాత్రి మీకు కావలసిన మొదటి సమాచారం అదే.