శక్కర్‌నగర్ గేటు ముందు ఫిడేలు కచేరీ

రోమ్ తగలబడుతుంటే నీరో ఫిడేలు వాయించాడని ఏ సభలోనైనా ఎవరో ఒకరు అనందే మనకు పొద్దుపోదు. పాపం, ఆయన మీద అది పచ్చి అబద్ధం. క్రీస్తుశకం 64లో రోమ్ కాలిన నాటికి ఫిడేలనేదే లేదు. ఇటలీలో అది పుట్టడానికి ఇంకా దాదాపు 1500 ఏళ్లు పట్టింది. ఆయన మీటింది కితారా అనే తీగల వాద్యం. అయితే వేషాలు కట్టిన మాట నిజం, రంగస్థలమెక్కి పాడిన మాట నిజం. ఒలింపిక్స్ రథాల పందెంలో రథం మీంచి కిందపడి కూడా విజేత కిరీటం పెట్టించుకున్న మాటా నిజమే. ఈ చివరి విద్యలో ఆయనకు నిజామాబాద్ జిల్లాలో వారసులు దండిగా ఉన్నారు.

తెలుగువాళ్లలో నిజంగా ఫిడేలు పట్టి, వేషం కూడా కట్టినవారెవరంటే మంగళంపల్లి బాలమురళీకృష్ణ. లోకానికి గాయకుడే కానీ వయొలిన్, వయోలా, మృదంగం, కంజీర అన్నీ ఆయన చేతిలో పలికాయి. 1967లో ‘భక్త ప్రహ్లాద’ సినిమాలో నారదుడయ్యారు. భీంసేన్ జోషీతో జుగల్బందీ చేశారు, సినిమాలకు పాడి జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. అంతటివాడు నాలుగేసి స్వరాలతో లవంగి, మహతి రాగాలు కడితే ఊరుకున్నారా? అవి కొత్త రాగాలెట్లా అవుతాయని వీణ బాలచందర్ కయ్యానికి దిగారు. పండితులు రెండు జట్లయి కొట్టుకున్నారు. నాలుగు స్వరాలకు అంత లెక్క అడిగిన జాతి మనది.

మా బోధన్ విద్వాంసుడు ఒక్క స్వరంతో ఇరవై ఏళ్లకు పైగా కచేరీ నడుపుతున్నాడు. “ఫ్యాక్టరీ తెరిపిస్తం.” అంతే. లెక్క అడిగిన పండితుడు ఒక్కడు లేడు.

ఆయన పేరు చెప్పమనకండి. ఆయన ఒక మనిషి కాదు, ఒక ఘరానా. కండువా మారినప్పుడల్లా రాగం మారుతుంది, పల్లవి మాత్రం అదే. 1937లో నిజాం హయాంలో మొదలై, నిజాంసాగర్ నీళ్లకు పండిన చెరుకు ఆడి, ఆసియాలోనే పెద్దదని పేరు పడ్డ బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్స్‌ను 2002లో పసుపు కండువా వేసుకుని సంస్కరణ రాగంలో 51 శాతం వాటాతో ప్రైవేటు కంపెనీకి అప్పగించాడు. తర్వాత మూడు రంగుల కండువాలో సభాసంఘమనే సుదీర్ఘ ఆలాపన. గులాబీ కండువాలో అందుకున్నది సహకార రాగం: రైతులే సంఘం పెట్టి నడుపుకోవాలట! అది ఇంకా నెరవు దశలో ఉండగానే, 2015 డిసెంబర్‌లో గేటుకు లేఆఫ్ నోటీసు అంటించారు. ఫ్యాక్టరీ కంపెనీ లా ట్రిబ్యునల్ మెట్లెక్కి, లిక్విడేషన్ దాకా పోయింది. 2024లో మళ్లీ మూడు రంగులు, ఈసారి మంత్రివర్గ ఉపసంఘం. తని ఆవర్తనానికి డప్పులు కూడా వచ్చాయి. మంగళం ఒక్కటి పాడరు. పాడితే జనం లేచి ఇంటికి పోతారు గదా.

ఇక నటన. ఎన్నికలొస్తే బోధన్‌లో ఆ దృశ్యం చూడాలి. కారు దిగుతాడు. తుప్పు పట్టిన గేటు ఊచను ఒక చేత్తో పట్టుకుంటాడు. కెమెరా ఎటుందో చూసుకుని, ఆ చెంపనే రుమాలు పెడతాడు. జీతం బాకీ ఉన్న ముసలి కార్మికుణ్ని వెతికి మరీ వాటేసుకుంటాడు. అనుచరుడు చెరుకు గడ అందిస్తే పంటితో చీల్చి నములుతాడు. ఆ గడ ట్రాలీలో వేరే మండలం నుంచి దిగుమతి అయింది. ఇక్కడ మిల్లు మూతపడ్డాక చెరుకు చేలన్నీ వరి మళ్లయ్యాయి మరి. పిప్పి ఉమ్మేదాకా కెమెరా నడవాలి, ఎందుకంటే ఆ తర్వాత డైలాగ్ ఉంది: “నేను గూడ రైతు బిడ్డనే.”

నీరో పాడుతున్నంతసేపు ప్రేక్షకులు బయటికి పోకూడదట. తప్పించుకోవడానికి కొందరు చచ్చినట్టు నటించి పాడె మీద పోయారని రోమన్ చరిత్రకారుడు సూటోనియస్ రాశాడు. మా కార్మికులకు ఆ నటన అక్కరలేకపోయింది. మిల్లు కూత మళ్లీ వినబడుతుందని చూసి చూసి, కొందరు నిజంగానే పోయారు.

ఒక్కసారి మాత్రం మా ప్రేక్షకులు విసిగి వేదికెక్కారు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ స్థానానికి పసుపు, ఎర్రజొన్నలకు ధర లేదని 178 మంది రైతులు నామినేషన్లు వేసి నిలబడ్డారు. మొత్తం అభ్యర్థులు 185 మంది! ఎన్నికల సంఘం ఓటింగ్ యంత్రాలను వరసగా పేర్చి జరిపించాల్సి వచ్చింది. అంత పెద్ద బృందగానం ముందు ఇంకెవరైనా వాద్యం కింద పెడతారు. మా విద్వాంసుడు ఆ ఏడు కాషాయ కండువా వేసుకుని, పసుపు బోర్డు పల్లవిని ఏకంగా బాండ్ పేపర్ మీద రాసిచ్చాడు. బోర్డు ప్రారంభమైంది 2025 సంక్రాంతికి. విలంబిత కాలమంటే అది.

ఇంతటి కళాకారుణ్ని ఊరికే వదిలేస్తే పాపం తగులుతుంది. శక్కర్‌నగర్‌లోనే సన్మానం పెట్టుకుందాం. శాలువా మేం తెస్తాం, దండ మేం తెస్తాం. పారితోషికం మాత్రం కార్మికుల బకాయిల పద్ధతిలోనే ఇస్తాం. రేపు రమ్మంటాం. రేపొస్తే కమిటీ వేశామంటాం. కమిటీ ఏమైందని అడిగితే, “ఫైలు నడుస్తోంది సార్, మీరు జర కూసోండ్రి” అంటాం.