ఇంటి భోజనం 2, బయటి తిండి 1

బ్రిటన్‌లో గడియారం ముల్లు ఒక గంట జరిగితే హైదరాబాదులో నా బరువు మారుతుంది. అతిశయోక్తి కాదు, లెక్కుంది. వాళ్ళకి ఆదివారం సాయంత్రం నాలుగున్నరకి మొదలయ్యే పెద్ద ఫుట్‌బాల్ మ్యాచ్ వేసవిలో మనకి రాత్రి తొమ్మిదికి వస్తుంది. అక్టోబరు ఆఖరి ఆదివారం వాళ్ళు గడియారాన్ని వెనక్కి తిప్పుకోగానే అదే మ్యాచ్ పదికి జరుగుతుంది. మా ఇంట్లోనేమో రాత్రి ఏడులోపు భోజనాలు అయిపోవాలని శాసనం. రెండు జొన్నరొట్టెలు, ఆనపకాయ కూర, పల్చటి మజ్జిగ. తొమ్మిదింటి మ్యాచ్ అయితే ఆ రొట్టెలు నన్ను హాఫ్‌టైమ్ దాకా ఎలాగో లాక్కొస్తాయి. పదింటి మ్యాచ్ అయితే ఆట మొదలవకముందే చేతులెత్తేస్తాయి. అంచేత చలికాలంలో నేను పెరిగే రెండు కిలోలకీ పూచీ బ్రిటిష్ ప్రభుత్వానిదే. తెల్లవాళ్ళు మనకి చేసిన అన్యాయాల జాబితాలో దీన్ని ఇంకా ఎవరూ చేర్చలేదు.

హాఫ్‌టైమ్ పదిహేను నిమిషాలు. ఆ వ్యవధిలో వంటింట్లో చేగోడీల డబ్బా తెరవాలి. స్టీలు డబ్బా మూత చప్పుడు కాకుండా తీయడం ఒక విద్య. రెండు బొటనవేళ్ళతో ఒక్కసారిగా లేపితే టప్పుమంటుంది. ఒక పక్క గోరు దూర్చి, రెండో అరచెయ్యి మూత నెత్తిన ఆనించి, గాలిని కొంచెం కొంచెంగా లోపలికి పోనివ్వాలి. ఇంత కష్టపడి తీసి మొదటి చేగోడీ కొరికితే పడకగదిలోంచి, "ఏవండీ, ఎవరు గెలుస్తున్నారు?" అని వినిపిస్తుంది. స్కోరు కోసం అడిగిన ప్రశ్న కాదది. దాంతో చేగోడీని బుగ్గన పెట్టుకుని నానబెట్టి తినడం నేర్చుకున్నాను. నానేసరికి రెండో సగం సగమవుతుంది.

ఇక జోస్యాల సంగతి. ఇంట్లో పాత డైరీ ఒకటుంది. ఎడమ పేజీలో నా షుగరు, బీపీ, బరువు. కుడి పేజీలో ఆ శని, ఆదివారాల మ్యాచ్‌ల మీద నా జోస్యమూ, మా బావమరిది జోస్యమూ, కింద అసలు ఫలితమూ. ఒకసారి డాక్టరుగారు రీడింగులు చూపించమంటే డైరీ ఆయన చేతికిచ్చాను. ఆయన తిరగేసిన పేజీ కుడిది. "మార్చి 5న ఏడు పాయింట్ సున్నానా? ఇంతదాకా ఏం చేస్తున్నారండీ?" అని గాభరాపడ్డారు. అది నాది కాదండీ, మాంచెస్టర్ యునైటెడ్‌ది అన్నాను. 2023లో ఆ రోజే యునైటెడ్ లివర్‌పూల్ వెళ్ళి 7-0తో చిత్తుగా ఓడి వచ్చింది. మా బావమరిది యునైటెడ్ భక్తుడు. ఆ రాత్రి వాడి బీపీ కూడా రాసి ఉంటే డాక్టరుగారు పెన్ను కింద పెట్టేసేవారు.

మొదట్లో మా పందెం మిర్చి బజ్జీలు. ఓడినవాడు తేవాలి, గెలిచినవాడు తినాలి, మిగిలినవాళ్ళు సాయం పట్టాలి. షుగరు బోర్డర్‌లో ఉందని తేలాక మా ఆవిడ పందాన్ని మొలకెత్తిన పెసలకి మార్చింది. అప్పట్నుంచి గెలవాలన్న పట్టుదల ఇద్దరికీ పోయింది. బావమరిది, "బావా, ఈ వారం పట్టికలో ఆఖరివాళ్ళే గెలుస్తారు, రాసిపెట్టుకో" అని త్యాగబుద్ధితో చెప్పడం మొదలెట్టాడు. దాంట్లో కూడా ప్రమాదముంది. 2015-16లో లెస్టర్ సిటీ ప్రీమియర్ లీగ్ గెలుస్తుందని ఎవడో వెర్రివాడు పందెం కాస్తే ఒకటికి ఐదువేలు ఇస్తామన్నారు అక్కడి బుకీలు. లెస్టర్ గెలిచి కూర్చుంది. అలాంటి ఏడాది మళ్ళీ వస్తే వాడి వంతు పెసలు ఒక బస్తా.

మా ఇద్దరికంటే ఎక్కువ నెగ్గేది మా ఆవిడ. ఆమెకి ఆఫ్‌సైడ్ తెలీదు, ఆటగాళ్ళ పేర్లు తెలీవు. "ఎవరింట్లో ఆట?" అని అడుగుతుంది. చెప్తే, "అయితే వాళ్ళే గెలుస్తారు. ఇంటి భోజనం కదా" అంటుంది. నవ్వాం. తీరా లెక్క తీస్తే ప్రీమియర్ లీగ్‌లో దాదాపు ఏ ఏడు చూసినా నూటికి నలభై పైచిలుకు మ్యాచ్‌లు సొంత మైదానం వాళ్ళవే. మేము గాయాల వార్తలు, గోల్‌కీపర్ల ఫామూ తిరగేసి సాధించేది అంతకంటే తక్కువ. ఒక్క 2020-21లో ఆ సూత్రం తిరగబడింది. కోవిడ్ వల్ల స్టేడియాలు ఖాళీ, ఇంటి గెలుపులకంటే బయటి గెలుపులే ఎక్కువయ్యాయి. ఇప్పుడేమంటావని అడిగితే, "ఆ ఏడు అందరూ మూడుపూటలా ఇంట్లోనే తిన్నారు కదండీ, ఇంక దానికి విలువేముంటుంది?" అంది. టీవీ స్టూడియోల్లో కోట్లు తీసుకునే విశ్లేషకులు కూడా ఇంత సూటిగా చెప్పలేకపోయారు.

ఆ తర్వాత బావమరిది ఒక పాపం చేశాడు. అక్క ముందు ఆర్సెన్ వెంగర్ కథ చెప్పాడు. 1996లో ఈ ఫ్రెంచి కోచ్ ఆర్సెనల్‌కి వచ్చి ఆటగాళ్ళ చాక్లెట్లు మాన్పించాడు. ఉడికించిన కూరలు, చేపలు పెట్టించి, నెమ్మదిగా నమిలి మింగమన్నాడు. చాక్లెట్లు ఇమ్మని బస్సులో వాళ్ళు గోలగోల చేసినా వినలేదు. 1998కల్లా లీగూ, ఎఫ్‌ఏ కప్పూ రెండూ ఇంటికొచ్చాయి. 2003-04లో లీగ్ మొత్తం 38 మ్యాచ్‌ల్లో ఒక్కటీ ఓడలేదు. నేను ఆర్సెనల్ మనిషిని. మర్నాటి నుంచి ఉడికించిన బీన్స్ కంచంలో పడుతుంటే ఏ ముఖం పెట్టుకుని వద్దనను?

జోస్యగాళ్ళలో నేను గురుస్థానం ఇచ్చేది జర్మనీలోని ఓబర్‌హౌజెన్ ఆక్టోపస్‌కి. పేరు పాల్. 2010 ప్రపంచకప్పులో రెండు దేశాల జెండాలున్న పెట్టెల్లో తిండి పెడితే ఏ పెట్టెలోది తింటే ఆ జట్టే గెలిచింది. ఎనిమిదికి ఎనిమిది. బొమ్మా బొరుసూ వేసి అలా వరుసగా కొట్టాలంటే 256లో ఒక్క అవకాశం. స్పెయిన్ కప్పు జులైలో చెప్పగలిగిన ఆ మహానుభావుడు అక్టోబరులో పోయాడు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు. అయినా పాల్‌ని తప్పు పట్టను. ఎవరో పాతిక కుర్రాళ్ళ మోకాళ్ళూ, పిక్కలూ ఎలా ఉన్నాయో శుక్రవారం రాత్రి దాకా ఆరా తీసే మేము, మెట్లెక్కుతుంటే కటకటమనే మా మోకాళ్ళ జోలికి వెళ్ళం. వాటి మీద మాకు అంత నమ్మకం.

చూసేవాళ్ళకి కూడా ఆట ప్రమాదమేనని డాక్టరుగారే చెప్పారు. 2006 ప్రపంచకప్పులో జర్మనీ ఆడిన రోజుల్లో మ్యూనిక్ ప్రాంతంలో గుండె ఎమర్జెన్సీ కేసులు మామూలుకంటే రెండున్నర రెట్లు దాటాయని అక్కడి వైద్యులే లెక్కగట్టారట. బావమరిదికి చెప్తే, "వాళ్ళకి ఓడిపోవడం అలవాటు లేదు బావా. యునైటెడ్ వాళ్ళకి ఆ భయం లేదు" అన్నాడు. అన్నాడే గానీ, అప్పట్నుంచి ఆటంతా హాల్లో అటూ ఇటూ నడుస్తూ చూస్తున్నాడు. రోజుకి పదివేల అడుగులు పూర్తవుతాయట. ఆ పదివేలు ఏ వైద్యుడూ చెప్పిన అంకె కాదురా, టోక్యో ఒలింపిక్స్ అయ్యాక 1965లో జపాన్‌లో అడుగులు కొలిచే యంత్రం అమ్ముకోవడానికి పెట్టిన పేరులోదని చెప్పాను. నడక ఆపలేదు. మైదానంలో ఒక్కో ఆటగాడూ పది కిలోమీటర్లు పరిగెడతాడు, వాళ్ళ మధ్య టీవీకి అడ్డంగా వీడొకడు. గోల్ పడ్డప్పుడల్లా నాకు కనిపించేది వాడి వీపే.

వచ్చే వారం మళ్ళీ నాకు రక్తపరీక్ష. ఫాస్టింగ్ అయితే ఒక్క మ్యాచ్ లాంటిది, ముందు రాత్రి నోరు కట్టుకుంటే గట్టెక్కవచ్చు. హెచ్‌బీఏ1సీ అలా కాదు, లీగ్ పట్టిక. రెండు మూడు నెలల చిట్టా మొత్తం దాని దగ్గరుంటుంది. సంక్రాంతి అరిసెలు మార్చిలో వచ్చి పలకరిస్తాయి. కిందటిసారి 6.2. ఈసారి డైరీ ఎడమ పేజీలో కూడా జోస్యాలు రాశాం. నేను 5.6 వేశాను. బావమరిది 6.4, కళ్ళార్పకుండా. మా ఆవిడ మాత్రం పాత ప్రశ్నే వేసింది: "పరీక్ష ఎక్కడ?" ల్యాబ్‌లో అన్నాను.

"అయితే మీరు బయటి టీమండీ. ఓడిపోతారు."

వెంటనే ఫోన్ చేసి, ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్ళమన్నాను. దానికి అదనంగా డబ్బు కట్టాలట. సొంత మైదానం మరి, ఆమాత్రం అద్దె ఉండదూ?