టీకప్పు పొట్టకు గంగాళం లెక్క

"అన్నా, బరువెంత?"

"నూట పది."

జిమ్ ట్రైనర్ ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరిచాడు. 110ని 2తో గుణించడానికి దాని సాయం కావాల్సి వచ్చినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. "రెండొందల ఇరవై గ్రాముల ప్రొటీన్, డైలీ. తగ్గితే మజిల్ పోద్ది. తర్వాత నన్ననొద్దు" అన్నాడు. అతని వెనక గోడ నిండా ఫొటోలు. ఎడమవైపు బొద్దుగా ఒక మనిషి, కుడివైపు అదే మనిషి చొక్కా లేకుండా, చేతిలో బిందెంత ప్రొటీన్ పొడి డబ్బాతో. గుళ్ళో ఉత్సవ విగ్రహాన్ని కూడా అంత భక్తిగా పట్టుకోరు.

"తమ్ముడూ, నాకు స్లీవ్ సర్జరీ అయ్యి మూడు నెలలే అయింది" అన్నాను. "నో ప్రాబ్లమ్ అన్నా, స్లీవ్‌లెస్ వేసుకుని రా" అన్నాడు.

స్లీవ్ అంటే చొక్కా చెయ్యి కాదు. పొట్టలో నాలుగింట మూడొంతుల పైచిలుకు కోసి తీసేసి, మిగిలినదాన్ని అరటికాయ ఆకారంలో గొట్టంగా ఉంచుతారు. అందులో పట్టేది 100 నుంచి 150 మిల్లీలీటర్లు. ఇరానీ హోటల్లో చాయ్ కప్పు ఎంతో దాదాపు అంత. గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నవాళ్ళకైతే అదీ లేదు. వాళ్ళకు పైన కట్టిచ్చే సంచి మొదట్లో 30 మిల్లీలీటర్లు, అంటే రెండు పెద్ద చెంచాలు. ఈ కప్పులోకి ఆ 220 గ్రాములు దించాలట. ఒక గుడ్డులో ఉండేది దాదాపు 6 గ్రాములు. ఇంటికొచ్చి లెక్క వేస్తే ఒక ట్రే గుడ్లు, అది సరిపోక పైన మరో అరడజను. మా వీధి కిరాణా కొట్టతను రోజూ ఇన్ని పట్టుకెళ్తుంటే క్యాటరింగ్ పెట్టారా అని అడుగుతాడు.

అసలు తిరకాసు గుడ్లలో లేదు, ఆ 110లో ఉంది. ఆ అంకెలో నేనొక్కణ్ణే లేను. ఇరవయ్యేళ్ళుగా కూడబెట్టిన కొవ్వు కూడా ఉంది. దాన్ని వదిలించుకోవడానికే ఆపరేషన్ బల్ల ఎక్కాను. ట్రైనర్ మాత్రం ఆ కొవ్వును కూడా పంక్తిలో కూర్చోబెట్టి, విస్తరి వేసి, కిలోకి రెండు గ్రాముల చొప్పున వడ్డించాడు. కొవ్వుకు కండలు పెంచే ఉద్దేశం ఉన్నట్టు నాకెప్పుడూ కనిపించలేదు. బరువు తగ్గించే ఈ బేరియాట్రిక్ సర్జరీ వాళ్ళు పాటించే పద్ధతి వేరు. రోజుకు కనీసం 60 గ్రాములు, అవసరాన్ని బట్టి కిలోకి ఒకటిన్నర గ్రాముల దాకా. ఆ కిలో నేను మోస్తున్న బరువులోది కాదు, నా ఎత్తుకు ఉండాల్సిన బరువులోది. నా ఎత్తుకు 65 అనుకుంటే ఎంత సాగదీసినా 98 దాటదు. మిగిలిన 122 గ్రాములు ఎవరి కోసమో గోడ మీద డబ్బాలను అడగాలి.

అయినా గొర్రెకు కసాయి మీద నమ్మకం ఉన్నట్టు, నేనూ ఒక డబ్బా కొన్నాను. మొదటి రోజు కసరత్తు అయ్యాక రెండు స్కూపులు, 300 మిల్లీలీటర్ల నీళ్ళు, గిలకొట్టి ఒక్క గుక్కలో లాగించమన్నాడు. లాగించాను. టీకప్పులో చెంబెడు నీళ్ళు పోస్తే ఏమవుతుందో నా పొట్ట అక్కడే ప్రదర్శించింది. బాత్రూమ్ నుంచి వస్తే భుజం తట్టి, "బాడీ అలవాటు పడుతోంది అన్నా" అన్నాడు. మర్నాడూ అదే. మూడోనాడూ అదే. నాలుగోనాడు డైటీషియన్‌కు ఫోన్ చేస్తే ఆవిడ తిట్టిన తిట్లలో ఒక మాట మాత్రం గుర్తుంది: థయామిన్. దానిదే ఇంకో పేరు బీ1. ఒంట్లో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించి రాదు. ఆపరేషన్ అయినవాళ్ళు తిన్నది నిలవక వాంతులు చేసుకుంటూ పోతే ముందు అయిపోయేది అదే. అయిపోతే కళ్ళు మసకబారడం, నడక తూలడం, మతి తప్పడం దాకా పోతుంది. అలవాటు పడుతోందని అతను చెప్పిన ఒళ్ళు నిజానికి దేనికి సిద్ధపడుతోందో అప్పుడర్థమైంది.

కొత్త పొట్టకు మంచినీళ్ళు తాగడమే ఒక ఉద్యోగం. అన్నంతో పాటు నీళ్ళు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. ఆగాక గుక్క కాదు, గుటక. అలా గుటకలు వేసుకుంటూ రోజుకు లీటరున్నర పైన పూర్తి చెయ్యాలి. ఈలోగా మళ్ళీ తినే వేళవుతుంది. తినేటప్పుడు ముందు గుడ్డో, చేపో, పనీరో, ఆ తర్వాత కూర, చివర చోటు మిగిలితే అన్నం. కప్పు ఎలాగూ ముందే నిండిపోతుంది కాబట్టి అన్నం వంతు రాదు. భోజనం మధ్యలో ఫోన్ మాట్లాడుతూ రెండు ముద్దలు సరిగా నమలకుండా మింగితే గుండెల మీద ఇటుక పెట్టినట్టుంటుంది. ఆఫీసులో నా పక్క సీటాయన, "మీరు పని ఎప్పుడు చేస్తారండీ?" అని ఒకసారి అడిగాడు. రెండు గుటకల మధ్య చేస్తానన్నాను.

పొడి పాపిష్టిదని నేననను. ఆపరేషన్ అయిన మొదటి వారాల్లో అంతా ద్రవాహారమే. అప్పుడు కొలిచి, పలచగా కలిపి, గంటసేపు చప్పరించమని ఆ పొడిని రాసిచ్చేది డైటీషియనే. అప్పుడది మందు. జిమ్ గోడ ఎక్కాక మహత్యం అవుతుంది. ఇది చెప్పబోతే మా బాబాయి వాట్సాప్‌లో ఎదురొచ్చాడు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో కండల కోసం ప్రొటీన్ పొడులు వాడొద్దని ఉంది, చూడరా, అని. చూశాను, ఉన్నమాట నిజమే. కానీ అది పొట్ట నిండా పొట్ట ఉన్న ఆరోగ్యవంతులకు. వాళ్ళకు కిలోకి 0.83 గ్రాములు చాలని చెప్పిందీ ఆ సంస్థే. బాబాయి ఆ ముక్క చదవలేదు. తెల్లారేసరికి మా కుటుంబం గ్రూపులో "పౌడర్ తాగితే కిడ్నీ పోతుంది" అని ఏడుపు బొమ్మలతో సహా ప్రకటన వచ్చేసింది. షుగరు, బీపీ ఉన్నవాళ్ళు ముందు కిడ్నీ పరీక్ష చేయించుకోవాలన్నది సబబైన మాట. ఆ మాట ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు, అందులో ఏడుపు బొమ్మ పెట్టే చోటు లేదు.

మా పెద్దమ్మది మూడో దారి. "పొడులెందుకురా, ముద్దపప్పులో లేని బలమా?" అంటుంది. ముద్దపప్పును నేను కాదంటే కళ్ళు పోతాయి. కానీ చిన్న గిన్నెడు పప్పులో పడేది ముప్ఫై గ్రాముల కందిపప్పు. దాన్నుంచి వచ్చేది ఆరేడు గ్రాములు. అరవై చేరాలంటే తొమ్మిది గిన్నెలు, అదీ నా టీకప్పుతో. పెద్దమ్మ ఊరుకోదు కదా, పప్పులోకి అన్నం, అన్నంలోకి నెయ్యి, నంజుకోవడానికి అప్పడం. రెండో ముద్దకే కప్పు నిండి, పప్పు తాలూకు బలం గిన్నెలోనే మిగిలిపోతుంది. "పిట్టలా తింటున్నావు, పూర్వం ఎలా తినేవాడివి!" అని కళ్ళొత్తుకుంటుంది. పూర్వం అలా తిన్నందుకే ఇది.

మళ్ళీ జిమ్‌కి వద్దాం, సరుకంతా అక్కడే ఉంది. డబ్బా పొట్టలో నిలవలేదంటే బీసీఏఏ అనే రంగునీళ్ళ పొడి తీశాడు. అందులో ఉన్న అమైనో ఆమ్లాలు మొదటి డబ్బాలోని వే ప్రొటీన్‌లో ముందే ఉంటాయి. పాయసం అమ్మి, అందులో వేసిన పంచదారను ఇంకో పొట్లం కట్టి మళ్ళీ అమ్మడమన్నమాట. జుట్టు రాలుతోందంటే కొల్లాజెన్ తీశాడు. బరువు గబగబా తగ్గినవాళ్ళకు మూడో నెల నుంచి ఆరో నెల దాకా జుట్టు రాలడం మామూలే, చాలామందికి తిరిగి వస్తుంది. రాకపోతే ఐరన్, జింక్ చూపించుకోవాలి. కొల్లాజెన్ ప్రొటీనే, కాదనను, కానీ ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం అందులో లేదు. తలుపు లేని ఇల్లు లాంటిది. రోజూ తినే ప్రొటీన్ లెక్కలో దాన్ని కలుపుకుంటే మోసపోయేది మనమే. ఇక డబ్బా మీది అంకె సంగతి. ప్రొటీన్‌ను కొలిచే పాత పద్ధతి నత్రజనిని కొలుస్తుంది. ఈ కిటుకు పసిగట్టినవాళ్ళు గ్లైసిన్ లాంటి చవక సరుకు కలిపి నత్రజని పెంచితే డబ్బా మీద ప్రొటీన్ పెరుగుతుంది, ఒంట్లో పెరగదు. పాలలో నీళ్ళు కలిపేవాడు వీళ్ళ ముందు అమాయకుడు.

ఇంత రంగస్థలంలో పాపం వేషం దొరకనివి మాత్రలు. మల్టీవిటమిన్, బీ12, డీ, ఐరన్, కాల్షియం సిట్రేట్. నాలాంటివాడికి జీవితాంతం ఇవే తోడు. కాల్షియం రోజు మొత్తం మీద 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు, అదీ విడతలుగా. ఐరన్‌కూ దానికీ పడదు, రెంటి మధ్య రెండు గంటలు ఎడం. ఐరన్‌కు టీ కూడా గిట్టదు. ఎదురింటి వియ్యపురాళ్ళను కూడా ఇంత జాగ్రత్తగా ఎడంగా కూర్చోబెట్టరు. బీ12 మానేసినవాడికి కొన్నాళ్ళకు అరికాళ్ళు తిమ్మిరెక్కుతాయి. అప్పుడు ట్రెడ్‌మిల్ మీద నిలబడి షూ బాలేదనుకుంటాడు. వీటిలో దేనికీ చాక్లెట్ ఫ్లేవర్ లేదు, షేకర్ లేదు, పట్టుకుని ఫొటో దిగే సైజు లేదు. కమీషన్ కూడా లేదని వినికిడి.

ట్రైనర్‌కు దక్కాల్సిన మాట కూడా అనేస్తాను. కుర్రాడికి బరువులు ఎత్తించడం వచ్చు. గోడ పట్టుకుని కూర్చుని లేచే దగ్గర మొదలుపెట్టి, ఆరు నెలల్లో బస్తా బరువుతో గుంజీళ్ళు తీయించాడు, నడుం పట్టకుండా. ఆపరేషన్ తర్వాత కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. ఒళ్ళు దేన్ని ముందు అమ్ముకోవాలో మనల్ని అడగదు. ఈ కండ నాకు పనికొస్తోంది, ఉంచు, అని ఒంటికి కబురు పెట్టేది బరువులెత్తే పనే. ఆ కబురు లేకుండా ఎన్ని స్కూపులు పోసినా వృథా. మరోవైపు, మొత్తం తిండి మరీ తగ్గిపోతే తిన్న ప్రొటీన్‌ను కూడా ఒళ్ళు పొయ్యిలోకే తోస్తుంది. గంధపు చెక్కలతో ఉప్మా వండినట్టు. ఈ రెండు ముక్కలూ అతనికి చెప్పాను. శ్రద్ధగా విని, "అందుకే అన్నా, మాస్ గెయినర్ కూడా వెయ్యాలి" అన్నాడు. చక్కెరతో నిండిన ఆ పొడిని బైపాస్ అయిన మా స్నేహితుడు ఒకసారి తాగి చూశాడు. పావుగంటలో చెమటలు, గుండె దడ, ఆపైన విరేచనాలు. దాన్ని డంపింగ్ అంటారు. మా స్నేహితుడు మాత్రం దాన్ని ఇప్పటికీ ఆ జిమ్ పేరుతోనే పిలుస్తాడు.

జిమ్‌లో చేరిన తొమ్మిదో నెలలో 86కి వచ్చాను. గుడ్లు, చేపలు, వడగట్టిన పెరుగు, సాయంత్రం సగం స్కూపు, వారానికి మూడు రోజులు బరువులు, మిగతా రోజులు నడక, పొద్దున్నే మాత్రల డబ్బా. ట్రైనర్ ముచ్చటపడిపోయి, "అన్నా, ఒక్క ఫొటో" అన్నాడు. చొక్కా విప్పించాడు. చేతిలో డబ్బా పెట్టాడు, నేనెప్పుడూ కొనని రకం. "ఊరికే, పట్టుకోవడానికి" అన్నాడు.

నా ఫొటో ఇప్పుడు గోడ మీద ఉంది. కింద '90 రోజుల్లో' అని ఉంది. డబ్బా మీది పేరు రోడ్డు అవతల నుంచి కూడా చదవొచ్చు. లాప్రోస్కోపీ వాళ్ళు నా పొట్ట మీద వదిలిన ఐదు మచ్చలు మాత్రం ఎంత వెతికినా కనబడలేదు. ఫొటో స్టూడియో కుర్రాడు శుభ్రంగా తుడిచేశాడు.