నిచ్చెన లెక్క

పరీక్ష మూడు గంటలు. దాని మీద పంచాయతీ సాయంత్రం దాకా. ఇంజనీరింగ్ మొదటి ఏడాది మెకానిక్స్ పేపరు రాసి బయటికొచ్చిన ఏ బ్యాచ్‌కైనా ఇది మామూలే. ఇంగ్లీషు పేపరైతే 'బానే రాశా' అని ఒక ముక్క అనేసి బస్సెక్కొచ్చు. మెకానిక్స్‌లో ఆ సుఖం లేదు. ప్రతి లెక్క చివరా ఒక అంకె కూర్చుని ఉంటుంది. మన అంకె పక్కవాడి అంకెతో కలవలేదంటే ఇద్దరిలో ఎవడికో ఒకడికి పదహారు మార్కులు గోవిందా.

2004 మే నెల, కాకినాడ దగ్గర ఒక కాలేజీ. ఎనిమిది ప్రశ్నల్లో అయిదు రాయాలి. మొత్తం 80 మార్కులు, 28 వస్తే గట్టెక్కినట్టే. క్యాంటీన్ ముందు వేపచెట్టు కింద అందరం చేరాం. హాల్‌టికెట్లు విసనకర్రలయ్యాయి. ఎదురుగా లైబ్రరీ గోడకి వెదురు నిచ్చెన వేసుకుని ఒకతను సున్నం కొడుతున్నాడు. సెలవుల్లో ఏదో కమిటీ తనిఖీకి వస్తోందట. నిచ్చెన కాళ్ల కింద తడిపిన గోనెసంచి మడిచి పెట్టి ఉంది.

మా పంచాయతీకి పెద్దమనిషి పంతులు. పేరుకే పంతులు, వాళ్లింట్లో పౌరోహిత్యం లేదు. వాడి నోటి నుంచి వచ్చిందల్లా మాకు వేదం కాబట్టి ఆ పేరు. తన జవాబులన్నీ ప్రశ్నపత్రం వెనక బుద్ధిగా రాసుకుని బయటికొస్తాడు. ఆ కాగితాన్ని మేం 'కీ' అనేవాళ్లం. యూనివర్సిటీ కీ ఎలా ఉంటుందో మాలో ఎవరం చూసి ఎరగం. అవసరమూ పడలేదు.

మొదటి తగవు ప్రొజెక్టైల్ దగ్గర. ఒకడికి 30 డిగ్రీలు, ఇంకొకడికి 60. కాలర్లు పట్టుకునేదాకా వెళ్లింది. ఒకే వేగంతో విసిరినప్పుడు ఆ రెండు కోణాలకీ రాయి పడేది ఒకచోటే, రెండూ కలిపి తొంభై అయితే చాలని పంతులు తీర్పు చెప్పాడు. ఇద్దరూ చల్లబడి ఒకే పొట్లంలో పుణుగులు పంచుకున్నారు. లామీ సూత్రం లెక్క పంతులుకి తప్ప ఎవడికీ రాలేదు. ఆ సూత్రాన్ని రాసిపెట్టిన లామీ ఫ్రాన్సులో మతాచార్యుడు. పంతుళ్ల విద్య పంతుళ్లకే పట్టుబడింది.

తర్వాత లిఫ్టు లెక్క. లిఫ్టు సెకనుకి సెకనుకి 2 మీటర్ల త్వరణంతో పైకి పోతోంది, లోపల 75 కిలోల మనిషి నేలని ఎంత బలంతో నొక్కుతాడు? సగం మంది g విలువ 10 అనుకుని 900 న్యూటన్లు రాశారు. కొందరు 9.8 అన్నారు. 9.81 వేసుకుని 885.75 దాకా లాగినవాళ్లం ఇద్దరమే, నేనూ తాపీ.

"పాయింటు తర్వాత కూడా కలిసిందేంట్రా మీకు!" అన్నాడు ఎవడో. నేను ఎటో చూశాను.

తాపీ అసలు పేరు అటెండెన్స్ రిజిస్టర్లో తప్ప ఎక్కడా వినపడదు. వాళ్ల నాన్న అమలాపురం వైపు తాపీ మేస్త్రీ. వాడేమో అన్నం తినడం దగ్గర్నుంచి అసైన్‌మెంట్ దాకా ఏదైనా తాపీగా చేస్తాడు. రెండూ కలిసొచ్చి పేరు ఖాయమైపోయింది. మనిషి బక్కపలచన, మాట నెమ్మది. హాల్లో నా ముందు నంబరు వాడిదే.

అసలు గొడవ నిచ్చెన లెక్కతో వచ్చింది. అయిదు మీటర్ల నిచ్చెన, బరువు 200 న్యూటన్లు. నున్నటి గోడకి ఆనించారు, నేలతో 60 డిగ్రీల కోణం. నేల దగ్గర ఘర్షణ గుణకం 0.6. నిచ్చెన జారకుండా 600 న్యూటన్ల బరువున్న మనిషి దాని వెంబడి ఎంత దూరం ఎక్కగలడు? చివరిదాకా చేరగలడా?

"నాలుగు పాయింట్ మూడు ఆరు," అన్నాడు పంతులు, కాగితం చూడకుండానే.

నాకూ అంతే, నాకూ అంతే అని చెట్టు చుట్టూ గొంతులు లేచాయి. అందరికీ నిజంగా వచ్చిందని కాదు. పంతులు వరసలో కూర్చున్నవాళ్లకి వచ్చింది, వాళ్ల వెనక వాళ్లకి కూడా వచ్చింది. అలా అలా హాలు చివరి దాకా వచ్చింది. సైనూ కోసూ తిరగేసిన ఒక్కడికి మాత్రం 1.48. వాణ్ని ఓదార్చాం.

"నాకు 6.1 వచ్చింది," అన్నాడు తాపీ.

ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత చెట్టు మీది కాకులు లేచిపోయేలా నవ్వారు.

"నిచ్చెనే అయిదు మీటర్లు కదరా! మిగతా మీటరు గాల్లో ఎక్కాడా?"

"త్రిశంకుడి బావమరిదేమోలే," అన్నాను నేను. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. చెప్పినా వినని మనిషికి ఇంతే జరుగుతుందని లోపల కాస్త కోపంగా కూడా ఉంది.

"ఎక్కువొచ్చిందంటే జారదనే కదా? పైదాకా వెళ్లిపోవచ్చు," అన్నాడు వాడు మెల్లిగా. "మా నాన్న చివరి మెట్టు మీద నిలబడే చూరుకి పూత వేస్తాడు."

"మీ నాన్న మెకానిక్స్ చదవలేదు కాబట్టి పడలేదు," అన్నాడు పంతులు. మళ్లీ నవ్వులు. మా గైడులో నిచ్చెన లెక్కలు తొమ్మిదున్నాయి, తొమ్మిదింట్లోనూ జవాబు నిచ్చెన కంటే పొట్టిదే. తిమొషెంకో పుస్తకం లైబ్రరీలో ఉండేది. దాన్ని మేం తీసి చూసింది బరువెంతుందో తెలుసుకోవడానికే.

అప్పుడే మెకానిక్స్ మాస్టారు స్కూటర్ తోసుకుంటూ అటొచ్చారు. పెట్రోలైపోయినట్టుంది. పంతులు ఎదురెళ్లి కాగితం చేతికిచ్చాడు. ఆయన స్కూటరు స్టాండు వేసి, సీటు మీదే కాగితం పెట్టుకుని జేబులోంచి పెన్ను తీశారు. ఇరవై తలకాయలు ఆ సీటు చుట్టూ మూగాయి.

"మొత్తం బరువు 800. నేల పైకి తోసేదీ అంతే. దాన్ని 0.6తో గుణిస్తే ఘర్షణ 480. గోడ ఇటు నెట్టేదీ అదే. ఇప్పుడు నిచ్చెన కాలి దగ్గర మూమెంట్లు తియ్యండి..." పెన్ను నాలుగు వరసలు నడిచింది. "ఆరు పాయింట్ ఒకటి."

ఎవరూ ఊపిరి తీసుకోలేదు.

"నిచ్చెన అయిదే కదండీ?" అన్నాడెవడో.

"అందుకేగా చివరిదాకా చేరగలడా అని విడిగా అడిగారు. 6.1 దాకా జారదంటే అయిదు దగ్గర జారుతుందా? హాయిగా చేరతాడు. అది రాయాలి."

పంతులు మొహం ఎదుటి గోడకి కొట్టిన సున్నంలా అయింది. "నాకూ ముందు 6.1 వచ్చింది సార్," అన్నాడు. "నిచ్చెన కంటే ఎక్కువైందని కొట్టేశా. నేల రియాక్షన్‌లో నిచ్చెన బరువు వదిలేసి 600 వేసి చూస్తే 4.36 వచ్చింది. అది... బావుందనిపించింది."

"నిచ్చెనలో పట్టేదాకా బరువు దించావన్నమాట," అన్నారు మాస్టారు.

అంతే, గుంపంతా తాపీ మీద పడింది. వీపు మీద చరిచారు, జుట్టు చెరిపారు. హాలు మొత్తానికి వీడొక్కడికే పదహారూ అన్నారు. త్రిశంకుడని వెక్కిరించిన పాపానికి టీలు నా ఖాతాలో అన్నారు. నేనూ సరేనన్నాను. తాపీ మాత్రం నవ్వలేదు. గోడ వైపు చూస్తున్నాడు. అక్కడ సున్నం మనిషి చివరి మెట్టు మీద నిలబడి, ఒక చేత్తో చూరు పట్టుకుని, కుంచె వీలైనంత దూరం చాపుతున్నాడు.

"నాకు వచ్చింది 6.1 అండి," అన్నాడు మాస్టారితో. "రాసింది 4.36."

"అదేంట్రా?"

"అందరికీ 4.36 వచ్చిందని ఆఖర్లో తెలిసిందండి. నాదే తప్పనుకున్నాను. పేజీ మొత్తం అడ్డంగా కొట్టేశాను. మళ్లీ చేసే టైము లేక జవాబొక్కటే రాశాను."

"స్టెప్పులు లేకుండానా? ఎవడు చెప్పాడ్రా నీకు?"

తాపీ ఎవరి పేరూ చెప్పలేదు. ఎవరి వంకా చూడలేదు. చూసే పని కూడా లేదు, వాడి వెనక నంబరు నాదే. ఆ మూడు గంటల్లో వాడు నాకు చేసిన ఉపకారానికి బదులు ఏదో ఒకటి చెయ్యాలనిపించి, చివరి అయిదు నిమిషాల్లో, ఇన్విజిలేటర్ కిటికీ వైపు తిరిగినప్పుడు ముందుకి వంగి వాడి చెవిలో ఆ అంకె వేసింది నేనే. రెండుసార్లు చెప్పాను, సరిగ్గా వినపడలేదేమోనని.

టీలు వచ్చాయి. డబ్బులు నేనే ఇచ్చాను.

జూలైలో ఫలితాలొచ్చాయి. కాకినాడలో ఒక నెట్ సెంటర్లో గంటసేపు లైన్లో నిలబడి కాగితం తీయించుకున్నాం. నంబర్ల వరసలో వాడిది పైనా, నాది కిందా. మెకానిక్స్ గళ్లో నాకు 28. దాని పైన వాడికి 24.

తాపీ ఆ రెండు అంకెల్నీ చాలాసేపు చూశాడు. ఆ చూపు కూడా తాపీగానే. ఆ తర్వాత కాగితం జాగ్రత్తగా మడిచి నా జేబులో పెట్టాడు.

"లిఫ్టు లెక్కకి మొత్తం పదహారూ వేసినట్టున్నార్రా నీకు," అన్నాడు.