గేట్‌కీపర్ కంట్లో రోడాప్సిన్

నేను ప్రోటీన్ జాతిదాన్ని. పేరు రోడాప్సిన్. 348 అమైనో ఆమ్లాల దండ కణపొరలోంచి అటూ ఇటూ ఏడుసార్లు దూరితే తయారైన ఒళ్లు నాది. నా ఆకారం జనానికి వివరంగా తెలిసింది 2000లో, ఆవు కంట్లోని మావాళ్లను స్ఫటికం చేసి ఎక్స్‌రేలతో చూశాక. నా కాపురం మాత్రం ఓ పాత సినిమా హాలు గేట్‌కీపర్ ఎడమకంటి రెటీనాలో, ఒక దండకణంలో. ఆ కణంలో వెయ్యి దాకా బిళ్లలు దొంతరగా ఉంటాయి. వాటిలో మేం పది కోట్లకు అటూ ఇటూగా ఉంటాం. పేరుపెట్టి పిలిచే నాథుడు లేడు.

నా పొట్టలో విటమిన్ ఏ నుంచి వచ్చిన రెటినాల్ అనే చిన్న అణువుంది. నా 296వ అమైనో ఆమ్లాన్ని పట్టుకుని, నడుం వంచుకుని కూర్చుంటుంది. ఆ వంపు ఉన్నంతసేపూ నాకు లోపల గడియ పెట్టినట్టే, పొరలో దూరిన నా ఏడు సర్పిలాల్లో ఏదీ కదలదు. వెలుతురు పడకుండా ఆ గడియ జారడం మహా అరుదు. కోతి కళ్ల మీద తీసిన లెక్కల్లో, ఒక్కో అణువు పొరపాటున కదిలేది కొన్ని వందల ఏళ్లకోసారి. పది కోట్లమంది ఉన్న కణంలో కూడా ఉత్తుత్తి కబురు రెండు మూడు నిమిషాలకొకటి, అంతే. అందరూ నా వేగాన్ని పొగుడుతారు గానీ, నేను గర్వంగా చెప్పుకునేది ఈ నిబ్బరాన్నే. చీకట్లో ఊరికే ఉలిక్కిపడే మందను పెట్టుకుని ఏ కన్ను చిన్న చుక్కను పోల్చుకుంటుంది?

మొన్న సెకండ్ షోలో తెర మీద అమావాస్య సీను. ఆలస్యంగా వచ్చిన ఒకాయనకి దారి చూపించడానికి మా గేట్‌కీపర్ టార్చిని నేలకేసి వెలిగించాడు. మెట్టు అంచున తగిలి చెదిరిన వెలుతురులోంచి ఒక్క ఫోటాన్ నన్ను తాకింది. సెకనును లక్ష కోట్ల ముక్కలు చేస్తే, అందులో ఒక ముక్కకు ఐదో వంతు కాలంలో రెటినాల్ నడుం నిటారైంది. వెలుతురు పని అక్కడితో సరి. మిగతా చాకిరీ అంతా నాదే. నిటారైన రెటినాల్‌కి నా పొట్ట చాలదు, నెడుతుంది. ఒక్కో మెలికా సర్దుకుంటూ మిల్లీసెకన్లలో నా రూపం మారింది. ఆరో సర్పిలం కణం లోపలివైపు పక్కకు జరిగి సందిచ్చింది. ఆ సందులో ట్రాన్స్‌డ్యూసిన్ అనే ఇంకో ప్రోటీన్ వచ్చి తగులుకుని, పని పురమాయించుకుని వెళ్లింది. దాని వెనక ఇంకొకటి.

వాటి పుణ్యమా అని కణంలో సైక్లిక్ జీఎంపీ అనే చిన్న అణువు తెగిపోతుంది, దాంతో సోడియం వచ్చే దారులు మూసుకుంటాయి. చీకట్లో ఆపకుండా గ్లుటమేట్ విడిచే కణం దాన్ని తగ్గిస్తుంది. అవును, వెలుతురు కబురు మొదలయ్యేదే నోరు తగ్గించడంతో! ఒక దండకణాన్ని కదిలించడానికి ఒక్క ఫోటాన్ చాలని హెక్ట్, ష్లేర్, పిరెన్ 1942లోనే తేల్చారు. కాసేపటికి కైనేజ్ అనే ఎంజైమ్ నా తోకకు ఫాస్ఫేట్లు అంటిస్తుంది, అరెస్టిన్ అనే ప్రోటీన్ వచ్చి నా మీద కూర్చుంటుంది. నేనిక బంద్.

తర్వాత రెటినాల్ నన్ను వదిలేస్తుంది, నా రంగూ పోతుంది. 1876లో ఫ్రాంజ్ బోల్ చూసింది ఇదే: కప్ప రెటీనాలోని ఎరుపు రంగు వెలుతురు తగిలి వెలవెలబోవడం. మండుటెండలోంచి మ్యాట్నీకి వచ్చినవాళ్లు కుర్చీల చేతులు తడుముకునేదీ మా బోసితనం వల్లే. అందరం మళ్లీ నిండి పూర్తిగా తేరుకోవడానికి అరగంట పైనే పడుతుంది. ఈలోపు టైటిల్స్ అయిపోతాయి, ఎవరి కాలో తొక్కేస్తారు.

వంపు తిరిగి తెచ్చేది పక్కనున్న రంగుపొర. దానిలోని ఆర్‌పీఈ65 అనే ఎంజైమే రెటినాల్ నడుం మళ్లీ వంచేది. ఒంట్లో విటమిన్ ఏ నిల్వలు తగ్గితే ఆ పొర మాత్రం ఏం చేస్తుంది? రేచీకటి వస్తుంది. మా గేట్‌కీపర్ ఇంట్లో వారానికోసారైనా మునగాకు పప్పు తప్పదు కాబట్టి ఆ దిగుల్లేదు.

నా బిళ్ల మాత్రం కణం మొదట్లో పుట్టి కొసకేసి జరుగుతోంది. మొత్తం ప్రయాణం పది రోజులు. కొసకు చేరిన బిళ్లలు ఎక్కువగా పొద్దున్నే రాలుతాయి. వాటిని మింగేదీ ఆ రంగుపొరే.