‘నల్ల రంధ్ర’ పద్యం: టీకా తాత్పర్య విశేష సహితం

మూలం (ఆటవెలది)

నల్ల రంధ్రమందు నాటిన డిస్కుకు
నత్త నడక గాక నడక గలదె
నీలి రంధ్రమందు నిలిపిన మాత్రాన
చిన్న ఫైళ్ల గుంపు చిక్కు విడదు

అవతారిక

వరంగల్ నుంచి ఖమ్మం పోయే జాతీయ రహదారి మీద మరిపెడ బంగ్లా ఉన్నది. అక్కడ ఒక ఇంటి ముందుగదిలో, స్టూడియోవాళ్లు ఇచ్చిన హార్డ్ డిస్కులోంచి పెళ్లి వీడియో ఇంటి కంప్యూటర్‌లోకి ఎక్కుతుండగా ఈ పద్యం పుట్టినది. కర్త తన పేరు చెప్పుకోలేదు. కాలనిర్ణయం మాత్రం సులువే: కాపీ పెట్టె “ఇంకా 40 నిమిషాలు” అన్నదానికీ, అదే పెట్టె “ఇంకా 6 గంటలు” అన్నదానికీ నడుమ.

ఈ నేలకు పద్యం కొత్త కాదు. దాశరథి కృష్ణమాచార్య 1925లో పుట్టిన చిన్నగూడూరు ఇక్కడికి దగ్గరే. ఆయన నిజామాబాదు జైలు గోడ మీద బొగ్గుతో పద్యాలు రాశాడు. బదిలీ వేగం తగ్గిందని ఎక్కడా ఫిర్యాదు చేయలేదు. బొగ్గుకూ గోడకూ మధ్య కేబుల్ లేదు గదా.

ఇక టీక సంగతి. మెదకు సీమలోని కొలిచెలమ, అంటే నేటి కొల్చారం, ఇంటిపేరుగా గల మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేనిది రాయననీ అక్కర లేనిది చెప్పననీ మాట ఇచ్చాడు. ఈ టీకాకారుడు అందులో మొదటి సగానికి మాత్రమే కట్టుబడతాడు.

ప్రతిపదార్థం

నల్ల రంధ్రమందు = సీపీయూ ముందు భాగాన, లోపల నల్లటి ప్లాస్టిక్ నాలుక గల యూఎస్‌బీ పోర్టులో; నాటిన = అటు తిప్పి ఇటు తిప్పి ఎట్లాగో దూర్చిన; డిస్కుకు = వైరుతో బయట తగిలించే హార్డ్ డిస్కుకు; నత్త నడక గాక = మెల్లగా పోవుట తప్ప; నడక గలదె = వేరొక నడక ఉండునా, ఉండదనుట; నీలి రంధ్రమందు = నీలం నాలుక గల పోర్టులో; నిలిపిన మాత్రాన = పెట్టినంత మాత్రం చేత; చిన్న ఫైళ్ల గుంపు చిక్కు = వాట్సాప్ శుభోదయాలు, రిసెప్షన్ ఫొటోలు, వాటి నకళ్లు, నకళ్ల నకళ్లు కలిసి తెచ్చిపెట్టే ఇబ్బంది; విడదు = తీరదు.

తాత్పర్యం

పోర్టు మారిస్తే సగం రోగం పోతుంది. మిగతా సగం ఫైళ్లలో ఉన్నది. డిస్కును తిట్టడానికి ఇంకా సమయం రాలేదు.

విశేషాలు

‘నల్ల రంధ్రము’ అనగా ఆకాశంలోని కృష్ణబిలమని కొందరు వ్యాఖ్యాతలు. అది కుదరదు. కృష్ణబిలంలో పడినది తిరిగి రాదు. ఇక్కడ రాత్రి భోజనాల వేళకైనా వస్తుంది. కావున యూఎస్‌బీ 2.0 అనే అర్థమే గ్రాహ్యం. 2000 సంవత్సరంలో వచ్చిన ఈ పద్ధతి వేగం సెకనుకు 480 అని డబ్బా మీద రాస్తారు. అవి మెగాబిట్లు. కాపీ పెట్టె చూపేవి మెగాబైట్లు. 480ని 8తో భాగిస్తే 60. మధ్యలో పలకరింపులకూ లెక్కలకూ కొంత పోగా చేతికి వచ్చేది 30, మహా అయితే 40. వంద జీబీల పెళ్లి వీడియోను సెకనుకు 35 మెగాబైట్ల చొప్పున ఎక్కిస్తే ముప్పావు గంట దాటుతుంది. ఇది రోగం కాదు, ఆ పోర్టు స్వభావం. ‘గలదె’ అన్న ప్రశ్నలో కవి కోపం కన్నా జాలి ఎక్కువగా వినిపిస్తున్నది.

2008 నవంబరులో యూఎస్‌బీ 3.0 ప్రమాణం వెలువడినది. పాత నాలుగు లోహపు పట్టీలకు ఇంకో అయిదు చేర్చి, సెకనుకు 5 గిగాబిట్లన్నారు. గుర్తు పట్టడానికి నాలుకకు నీలం వేయమన్నారు. ఆ రంగు సలహాయే గాని శాసనం కాదు. నల్లగా ఉండి వేగంగా పోయే పోర్టులూ ఉన్నాయి. వాటి పక్కన ‘ఎస్ఎస్’ అనే రెండక్షరాలు చెక్కి ఉంటాయి. కవి రంగును నమ్మాడు. మనం అక్షరాలను కూడా చూడాలి.

ఇప్పుడు పూర్వపక్షం. శాస్త్రగ్రంథాల్లో పూర్వపక్షి ఎవరో తెలియదు గాని మరిపెడలో మాత్రం అతడు బామ్మర్దే. “డిస్కే ఖరాబైంది బావా. రేపు ఖమ్మం పోయి కొత్తది తెస్త, పైసలియ్యి” అంటాడు. దీనికి సమాధానం: ఆ పాత డిస్కు వరుసగా చదవమంటే సెకనుకు వంద మెగాబైట్ల దాకా ఇవ్వగలదు. ముందు పోర్టు 35 దగ్గరే గొంతు నొక్కుతున్నది. కొత్త డిస్కు తెచ్చి అదే పోర్టులో గుచ్చితే వచ్చేది మళ్లీ 35. సీపీయూను గోడకు ఆనించి పెట్టి వెనక పోర్టులు కనబడకుండా చేసినవాడు ఎవరో మొదట అది తేలాలి.

“నీలి పోర్టులనే పెట్టిన గదనే” అని పూర్వపక్షి మళ్లీ లేస్తాడు. అప్పుడు తీగను పరీక్షించాలి. పద్యంలో తీగ ప్రస్తావన లేదు, అది కవి లోపమే. బయటి డిస్కుల్లో చాలావాటికి రెండు ముక్కలు అతికించినట్టు వెడల్పుగా ఉండే సాకెట్ ఉంటుంది. అసలు తీగ పోయిందని పాత ఫోను చార్జింగు కేబుల్ తెచ్చి అందులో పెద్ద ముక్కలో దూరిస్తే చక్కగా పడుతుంది, లైటు వెలుగుతుంది, డిస్కు కనబడుతుంది. నీలి పోర్టులో ఉన్నా ఆ డిస్కు 2.0 వేగంతోనే నడుస్తుంది. కొన్నిసార్లు అసలు తిరగదు. నల్ల పోర్టు 500 మిల్లీయాంపులు మాత్రమే ఇస్తానంటుంది, నీలిది 900 ఇస్తుంది. సన్నటి పొడుగాటి తీగ ఆ ఇచ్చిన కరెంటులోనూ కొంత దారిలోనే తినేస్తుంది.

‘చిన్న ఫైళ్ల గుంపు’. పద్యానికి ప్రాణం ఈ మాటలోనే ఉన్నదని నా అభిప్రాయం. మిగతా మూడు పాదాలు సీపీయూ వెనక వంగి చూసిన ఎవడైనా రాయగలడు. ఈ నాలుగో పాదం డిస్కు లోపలికి చూసినవాడు రాసినది.

లోపల గుండ్రటి పలక నిమిషానికి 5400 చుట్లు తిరుగుతుంది. ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన జాగా హెడ్డు కిందికి రావడానికి సగటున అర చుట్టు ఆగాలి. అంతకు ముందు హెడ్డు ఆ వరుస దగ్గరికి జరగాలి, దానికి ఇంకో పది మిల్లీసెకన్లు. రెండూ కలిపి సుమారు 15. అంటే సెకనుకు అరవై డెబ్భై చోట్లకు మించి డిస్కు పోలేదు. పెళ్లి వీడియో ఒకే పెద్ద ఫైలు. హెడ్డు ఒకసారి కుదురుకుంటే పలక తిరిగినంతసేపూ చదువుతూనే ఉంటుంది. 40 కేబీల శుభోదయం బొమ్మలైతే ఒక్కోదానికి ఒక్కో ప్రయాణం. సెకనుకు 65 బొమ్మలంటే రెండున్నర మెగాబైట్లు. నీలి పోర్టులో పెట్టినా అంతే, బంగారు పోర్టులో పెట్టినా అంతే. యాభై వేల బొమ్మలుంటే, ఒక్కోదానికి ఒక్కసారే కదిలినా, హెడ్డు నడకకే పన్నెండు నిమిషాలు దాటుతాయి. అసలు బొమ్మ రాయడానికి తోడు దాని పేరు ఒకచోట, తేదీ ఒకచోట నమోదు చేయాలి. ఆ ప్రయాణాలు వేరే. యాంటీవైరస్ ప్రతి బొమ్మనూ విప్పి చూసి పంపుతుంది, ఆ ఆలస్యం ఇంకా వేరే.

జిప్ చేసి పంపితే పోదా? జిప్ చేసేటప్పుడూ అవే ఫైళ్లను అదే హెడ్డు ఏరుకోవాలి. అయితే ఆ శ్రమ ఒకసారితో పోతుంది. అన్నకొక కాపీ, చెల్లెలికొక కాపీ ఇవ్వవలసిన ఇంట్లో అది లాభమే. ఇంకొక తప్పు తరచుగా జరుగుతున్నది. ఒక కాపీ మెల్లగా పోతున్నదని, తొందర కోసం అదే డిస్కులోంచి రెండో కాపీ మొదలుపెడతారు. అప్పుడు హెడ్డు ఈ ఫైలుకూ ఆ ఫైలుకూ మధ్య ఊగిసలాడి, రెండింటినీ కలిపినా మొదటి దానంత వేగం రాదు. ఒకటి అయ్యాకే ఇంకోటి పెట్టాలి.

పాఠాంతరాలు

రెండో పాదానికి “మొదట పరుగు పిదప మొరటు నడక” అని ఒక పాఠం. యతి సరిపోయినది, కాబట్టి ప్రక్షిప్తమని తోసేయలేము. ఇది వేరే జాతి డిస్కును చూసినవాడు దిద్దినది. ఈ మధ్యకాలపు పెద్ద డిస్కుల్లో కొన్నింటిలో, స్థలం కలిసిరావడానికి, రాతవరుసలను గూన పెంకుల్లాగ ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కించి పరుస్తారు. మధ్యలో ఒక వరుస మార్చాలంటే దాని పైన ఎక్కిన వరుసలనూ తిరిగి రాయాలి. అందుకని డిస్కు వచ్చిన సరుకును ముందు ఒక ఖాళీ జాగాలో గబగబా దించుకుంటుంది. అది నిండేదాకా పరుగే పరుగు. నిండిన తర్వాత వేగం పది మెగాబైట్ల లోపుకు కూడా పడిపోవచ్చు. చదివేటప్పుడు ఈ బాధ లేదు, రాసేటప్పుడే. కొనేవాడికి ఈ సంగతి చెప్పకుండానే అమ్మిన సంగతి 2020లో బయటపడి, పెద్ద తయారీదారులే ఒప్పుకోవలసి వచ్చినది. దీనికి మందు లేదు. కొంచెం కొంచెంగా పెట్టి, మధ్యలో దానికి సర్దుకునే వ్యవధి ఇవ్వాలి.

ఇంకా ప్రాచీనమైన పాఠంలో రంధ్రమే లేదు, డిస్కు సీపీయూ లోపలే ఉన్నది. అది విండోస్ ఎక్స్‌పీ కాలపు మాట. వెడల్పాటి పట్టీ తీగ వదులై ఆరుసార్లు తప్పు వస్తే చాలు, ఆ విండోస్ డిస్కు మీద నమ్మకం పోగొట్టుకొని మెట్టు మెట్టుగా వేగం తగ్గించేది, తప్పులు ఆగకపోతే చివరికి ‘పీఐఓ’ అనే పాత పద్ధతికి దిగజార్చేది. సెకనుకు 16 మెగాబైట్లు దాటేది కాదు. పైగా ప్రాసెసరే స్వయంగా మూటలు మోయాలి గనుక మౌసు కూడా కదిలేది కాదు. తీగ మార్చినా విండోస్ అలక తీరదు. డివైస్ మేనేజర్‌లో ఆ చానెల్‌ను తీసేసి, కంప్యూటర్‌ను మళ్లీ వెలిగిస్తే గాని పాత నమ్మకం తిరిగి రాదు.

అలంకారం

‘గలదె’ అన్నచోట కాకువు. మిగిలిన సమయం చూపే కాపీ పెట్టెలో అతిశయోక్తి, ఒక్కోసారి స్వభావోక్తి. అది జోస్యం చెప్పదు. ఇప్పుడు పోతున్న వేగాన్ని బట్టి లెక్కకడుతుంది. పెద్ద వీడియో నడిచేటప్పుడు 40 నిమిషాలన్నది, శుభోదయాల ఫోల్డరు మొదలవగానే 6 గంటలనడానికి కారణమదే.

అనుక్తం

కవి చెప్పకుండా వదిలినవి మూడు. డిస్కు నిండేకొద్దీ పలక లోపలి చిన్న చుట్ల మీదికి రాత చేరుతుంది, అక్కడ వేగం వెలుపలి చుట్లలో సగానికి దగ్గర. ఇది చిన్న సంగతి. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కులోకి 4 జీబీలు మించిన ఫైలు అసలు ఎక్కదు. అది వేగం సమస్యే కాదు, ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చుకుంటే పోతుంది. అయితే మార్చితే లోపలున్నదంతా చెరిగిపోతుంది గనుక ముందే తీసి పెట్టుకోవాలి.

మూడోది డిస్కుకు నిజంగానే కాలం మూడుట. పెళ్లి వీడియో సందర్భం గనుక కవి అమంగళం పలకలేదు. టీకాకారుడికి ఆ వెసులుబాటు లేదు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిస్తే డిస్కు తన జాతకం తానే చెబుతుంది. అందులో మూడు గళ్లు చూస్తే చాలు. 05 అంటే పాడై, వేరే చోటుకు మార్చిన జాగాల లెక్క. సీ5 అంటే చదవబోతే చదవనివ్వక, ఎటూ తేలక ఆగిన జాగాల లెక్క. సీ7 అంటే దారిలో చెడిన రాకపోకల లెక్క. ఈ చివరిది మాత్రమే పెరుగుతుంటే డిస్కు నిర్దోషి, తీగ మార్చండి. సీ5 పెరుగుతుంటే, లేదా డిస్కు లోపల టిక్కు టిక్కుమని చప్పుడు వస్తుంటే, వేగం గురించి చర్చ అనవసరం. అలాంటి డిస్కు ఒక్కో జాగాను పదే పదే చదవబోయి, అందువల్లే మెల్లగా పోతున్నది.

ఆ సీ5 గడిలో సున్నా కాక ఇంకేదైనా ఉంటే చెక్‌డిస్క్ జోలికి పోవద్దు, బాగుచేయబోవద్దు. అతి ముఖ్యమైన ఫోల్డరుతో మొదలుపెట్టి, దొరికినంత ఈ పూటే ఇంకో డిస్కులోకి తీసి పెట్టుకోండి.