బండెక్కి వచ్చిన కాపలా

అమెరికా, కెనడాల్లో మంచు కొండల మీద స్నోమొబైళ్లు తోలేవాళ్లు ఒక మాట గట్టిగా చెబుతుంటారు. ఇంజన్లకు ప్రవేశం లేని అడవిలోకి ఎవడైనా దొంగచాటుగా బండి పోనిస్తే, వాణ్ణి ఆపడానికి తమకంటే తగినవాళ్లు లేరట. దారులు తమకు తెలుసు, చలి తమకు అలవాటే, బండివాడి బుద్ధి బండివాడికే తెలుస్తుంది, కాబట్టి కాపలా పని తమకు అప్పగించమంటారు. కొన్నిచోట్ల అప్పగించారు కూడా. క్లబ్బులవాళ్లు హద్దు వెంట బోర్డులు పాతుతారు, హద్దు దాటిన జాడ కనబడితే అధికారులకు కబురు పెడతారు.

ఈ వాదాన్ని ప్రొద్దుటూరుకు తెచ్చి చూడండి. బంగారు అంగళ్ల వీధిలో రాత్రి గస్తీకి తాళాలు తెరవడంలో చెయ్యి తిరిగినవాళ్లనే పెట్టుకోండి, ఆ విద్యలో మెలకువలు వాళ్లకే తెలుసు అని ఎవరైనా సలహా ఇస్తే అక్కడి వ్యాపారులు ఏమంటారో ఊహించుకోవచ్చు. నోరు తెరిచి ఏమీ అనకపోవచ్చు. షట్టరుకు ఇంకో తాళం మాత్రం వేస్తారు.

అయితే నవ్వేముందు మంచు దేశపు లెక్క పూర్తిగా చూడాలి. అమెరికాలో 1964లో వచ్చిన వైల్డర్నెస్ చట్టం ఆ అడవుల్లోకి మోటారు బండిని రానివ్వదు. ఆఖరికి సైకిలుకూ ప్రవేశం లేదు. దారికి అడ్డంగా పడిన చెట్టును తొలగించాలంటే అటవీ సిబ్బంది కూడా మామూలుగా ఇద్దరు చెరోవైపు పట్టుకుని లాగే రంపంతోనే కోస్తారు. హద్దు దాటి దొరికినవాడికి 5,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. 1972లో అధ్యక్షుడు నిక్సన్, ప్రభుత్వ భూముల్లో ఇలాంటి బండ్లు ఎక్కడ తిరగాలో ఎక్కడ తిరగకూడదో తేల్చమని ఉత్తర్వు ఇచ్చాడు. 1977లో కార్టర్ దానికి కోరలు పెట్టాడు. బండ్ల వల్ల నేలకో జంతువుకో తీవ్రమైన నష్టం జరుగుతోందని తేలితే ఆ ప్రాంతాన్ని వెంటనే మూసేయమన్నాడు. కెనడాలో కారిబూ జింకల కోసం కొండలకు కొండలే స్నోమొబైళ్లకు మూసేశారు.

అందుకని అక్కడి క్లబ్బువాడి అడవి ప్రేమలో సగం పాలు భయమే. పక్కవాడు ఒక్కడు గీత దాటితే రేపు కొండ మొత్తం అందరికీ మూతపడుతుంది. మంచు మీద జాడ దాగదు కూడా. తన ఆట ఎక్కడ ఆగిపోతుందోనని పక్కవాడి బండి మీద కన్నేసి ఉంచుతాడు. పుణ్యం కోసం చేసే పని కాకపోయినా ఫలితం కొంత ఉంటుంది. ఇందులో మనం దిగుమతి చేసుకోగలిగింది ఏమిటయ్యా అంటే, భయాన్ని అక్కడే వదిలేసి టీషర్టు ఒక్కటి తెచ్చుకున్నాం.

శనివారం పొద్దున జమ్మలమడుగు దాటి గండికోట దారి పట్టే బండ్ల వరుసను చూస్తే ఆ టీషర్టు కనిపిస్తుంది. బెంగళూరు నుంచి, హైదరాబాదు నుంచి వచ్చిన జట్లు. వీపు మీద ప్రకృతిని కాపాడుకుందాం అనే అర్థం వచ్చే ఇంగ్లీషు ముక్క, కింద పులి బొమ్మ, ఆ కిందే ఊరంతా ఉలిక్కిపడేలా మార్పించిన సైలెన్సరు. ఎర్రమల కొండల్ని పెన్నా నది కోసుకుంటూ పోయిన లోయ అంచున ఇంజను ఆపకుండానే నిశ్శబ్దం ఎంత బాగుందో వీడియోలో చెప్పగల నేర్పు వాళ్లది. ఆ లోయను భారతదేశపు గ్రాండ్ కాన్యన్ అంటారు. పెన్నమ్మ ఇన్ని యుగాలు కష్టపడి రాయి కోసింది అరిజోనాకు నకలుగా పేరు తెచ్చుకోవడానికేనేమో.

1123లో కాకరాజు అక్కడ కోట మొదలుపెట్టాడంటారు. తర్వాత పెమ్మసాని నాయకులు దాన్ని ఏలారు, 17వ శతాబ్దంలో మీర్ జుమ్లా పట్టుకున్నాడు. ఫిరంగులకు లొంగినా లొంగకపోయినా ఆ గోడలు ఇన్నాళ్లు నిలబడ్డాయి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం అది. దాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా అని 2010లో సవరించిన చట్టం చెబుతోంది. సంగతి తెలియజేసే నీలి రంగు బోర్డు కూడా ఉంటుంది. ఫోటోలకు అది మంచి వెనక తెర. ఇప్పుడు కేంద్రం మంజూరు చేసిన దాదాపు 78 కోట్లతో గండికోట పర్యాటకాన్ని పెంచుతున్నారు. పెరిగేది పర్యాటకమైతే వచ్చేది ఇంజన్లే. వాటిని ఏ రాయి దగ్గర ఆపాలో ఎవరు గీత గీస్తారన్న ప్రశ్నకు, బండ్లవాళ్లే బాధ్యతగా ఉంటారన్నది చేతికి సులువుగా అందే జవాబు. పైసా ఖర్చు లేని జవాబు కూడా.

దారులు తెలిసినవాడే కాపలాకు తగినవాడన్న సూత్రాన్ని నిజంగా నమ్మితే ఈ కడప జిల్లాలో ఆ ఉద్యోగానికి మొదటి అర్హులు వేరే ఉన్నారు. రోడ్డు లేనిచోట, లైటు వేయకుండా, నడిరాత్రి, బరువు బండిని వాగు దాటించగల విద్యలో వాళ్లను మించినవాళ్లు దేశంలో తక్కువ. ముందు ఒక బండి దారి చూసుకుంటూ పోతుంది, వెనక సరుకు బండి వస్తుంది. ముందు పోయేవాణ్ణి పైలట్ అంటారు. శేషాచలం, లంకమల, నల్లమల అంచుల్లో ఎర్రచందనం ఎక్కడ ఉందో, అటవీ శాఖ బేస్ క్యాంపుల్లో ఎక్కడ ఎందరున్నారో, ఏ దారి ఎక్కడ తారు రోడ్డులో కలుస్తుందో వాళ్లకు కంఠతా వచ్చు. పాపం, వాళ్లు క్లబ్బు పెట్టుకోలేదు. వీపు మీద పులి బొమ్మ లేకపోవడం ఒక్కటే వాళ్లకున్న లోటు.

ఇంతకీ బండితో అడవి హద్దు దాటిన కథల్లో జిల్లాలో అన్నిటికంటే పెద్దది కుర్రాళ్లదీ కాదు, దొంగలదీ కాదు. సాక్షాత్తూ సర్కారు వారిది.

కలివికోడి సంగతి వినని కడపవాళ్లు ఉండరు. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ పేరుమీద 1848లో పుస్తకాలకెక్కిన పిట్ట. జానెడు కంటే కాస్త ఎక్కువ పొడవుంటుంది, అంతే. పగలు పొదల్లో నక్కి రాత్రిపూట తిరుగుతుంది, ఎగరడం కంటే పరుగెత్తడమే దానికి ఇష్టం. 1900 తర్వాత ఎవరి కంటా పడకపోతే అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతుకుతున్న భరత్ భూషణ్‌కు సిద్ధవటం వైపు లంకమల కింద మళ్లీ దొరికింది. 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. విస్తీర్ణం 464 చదరపు కిలోమీటర్లు. ప్రపంచం మొత్తం మీద ఈ పిట్టకు ఉన్న ఇల్లు ఇదొక్కటే అన్నంత పేరు వచ్చింది.

పిట్టను చూడటం కష్టం కాబట్టి పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, తెల్లవారాక దాని కాలి ముద్రలు పడ్డాయేమో వెతికేవాళ్లు. చీకటి పడే వేళ దాని కూతను వినిపించి బదులు కోసం చెవులు రిక్కించేవాళ్లు. అంత పట్టి పట్టి చూస్తున్న నేలలోకి 2005లో ప్రొక్లెయిన్లు దిగాయి. తెలుగు గంగ కాలువ తవ్వకం. 1983లో ఎన్టీఆర్ హయాంలో మొదలై, మద్రాసుకు కృష్ణా నీళ్లు ఇవ్వాల్సిన పథకం. ఆ పేరు చెబితే సీమలో ఎవరూ ఎదురు మాట్లాడరు, మాట్లాడకూడదు కూడా. నీళ్ల విలువ తెలిసిన నేల ఇది. కాని అభయారణ్యం లోపల తవ్వడానికి అనుమతి అనేది ఒకటి ఉండాలి కదా. ఆ కాగితం లేకుండానే యంత్రాలు పిట్ట తిరిగే పొదల్ని పెకలించుకుంటూ పోయాయి. పిట్ట కాలి ముద్ర కోసం వచ్చినవాళ్లకు ఉక్కు గొలుసుల ముద్ర దొరికింది.

అడవి సర్కారుదే, కాలువా సర్కారుదే. ఒక శాఖ గీసిన హద్దును ఇంకో శాఖ పని యంత్రాలతో దాటింది, మొదటి శాఖ వచ్చి ఆపింది. వ్యవహారం సుప్రీంకోర్టు వేసిన కేంద్ర సాధికార కమిటీ దాకా పోయింది. చివరకు కాలువ దారి మార్చారు, పిట్ట కోసం కొంత భూమి కూడా సేకరించారు. బాగానే ముగిసింది కదా అనిపిస్తుంది. ఆ తర్వాత మాత్రం కలివికోడి ఏళ్ల తరబడి కనిపించలేదు, దాని కూతా వినిపించలేదు. అందుకు ఆ కాలువే కారణమని రుజువేమీ లేదు. అలాగని పెకలించిన పొదలు పిట్టకు మేలు చేశాయని ఏ ఇంజనీరూ రాసివ్వలేడు.

అసలు వినాల్సింది 1986 నాటి ఆ రాత్రి కథలో మిగిలిన సగం. పిట్టను పట్టుకున్నది దుర్భిణి కాదు, జీపూ కాదు. చేతిలో టార్చిలైటుతో రాత్రి పొదల్లోకి నడిచిపోయి పిట్టల్ని పట్టడం ఎరిగిన స్థానికుడు ఒకడు పట్టుకున్నాడు. ఎనభై ఆరేళ్లపాటు శాస్త్రం లేదనుకున్న ప్రాణి సంగతి, దాన్ని పట్టేవాడికి తెలుసు. వాడుకునేవాడే కాపలాదారు అన్న మాటకు ఈ జిల్లాలో నిజంగా ఒక సాక్ష్యం ఉంటే అది ఇదే. కాకపోతే ఆ మనిషికి బండి లేదు.

ఇంకో వింత ఉంది. జీవాలు మేసి, జనం వంటచెరకు కొట్టుకుని, అక్కడక్కడా ఖాళీ నేల మిగిలిన పొద అడవిలోనే కలివికోడి తిరుగుతుందని పరిశోధకులు గమనించారు. మేత మరీ ఎక్కువైతే చేటే. అసలు మేత లేక పొదలు కమ్ముకుపోయినా దానికి పరుగెత్తే చోటు ఉండదు. అంటే మేకల వెంట నడిచే మనిషి అడుగులు ఆ పిట్ట సంసారంలో కలిసిపోయి ఉన్నాయి. మరి చట్టం ఎవరి మీద ముందు పడుతుంది? 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం రిజర్వు అడవిలో పశువుల్ని మేపడం నేరమంటుంది, నిజమే. 1972 నాటి వన్యప్రాణి చట్టం అనుమతి లేనిదే అభయారణ్యంలో అడుగు పెట్టవద్దంటుంది, అదీ నిజమే. మేక గంటకు రెండు కిలోమీటర్లు నడుస్తుంది, కాబట్టి దొరుకుతుంది. రెండు సిలిండర్ల బండి దొరకదు. దొరికినా దాని మీదున్నవాడు సార్, మేం నేచర్ లవర్స్ అంటాడు. మేకలాయన ఆ మాట అనలేడు. అన్నా, టీషర్టు ఏది అని అడుగుతారు.

ఇదే జిల్లాలోని పులివెందులకు ఈ చర్చతో ఏం పని అనుకోనక్కర్లేదు. తమ మీద తామే నిఘా పెట్టుకునే పద్ధతిని మనం ఎప్పుడో చట్టంగా రాసుకున్నాం. పర్యావరణ అనుమతి పొందిన ఏ ప్రాజెక్టయినా, షరతులు తాను ఎంత చక్కగా పాటిస్తోందో తానే ఆరు నెలలకోసారి నివేదిక పంపాలని 2006 నాటి నోటిఫికేషన్‌లో ఉంది. జూన్ 1న ఒకటి, డిసెంబర్ 1న ఒకటి. పక్కనే తుమ్మలపల్లె యురేనియం ప్లాంటు ఉంది. వ్యర్థాల చెరువు నీళ్లు తమ బోర్లలోకి దిగుతున్నాయని, అరటి తోటలు దెబ్బతింటున్నాయని చుట్టుపక్కల పల్లెలవాళ్లు ఫిర్యాదు చేశారు. కంపెనీ కాదంది. తేల్చాల్సిన పరీక్షల్లో ఎవరి మాటకు ఎంత బరువుంటుందో అరటి రైతుకు ఒకరు చెప్పనక్కర్లేదు. అతని తోట నివేదికలకు జూన్ 1 అంటూ ఏదీ లేదు.

సరే, బండ్ల జట్లు నిజంగానే కాపలా కాస్తామంటున్నాయి అనుకుందాం. కాయనివ్వండి. అయితే మంచు దేశం నుంచి టీషర్టుతో పాటు ఆ భయాన్ని కూడా తెప్పించాలి. ముందు గండికోట దగ్గర, లంకమల అంచు ఊళ్ల దగ్గర ఇంజను ఎక్కడిదాకా రావచ్చో చూపే పటం ఒకటి అందరికీ కనబడేలా తెలుగులో వేలాడదీయాలి. ఇప్పటి బోర్డులు చట్టం పేరు చెబుతాయి, హద్దు ఎక్కడుందో చెప్పవు. అభయారణ్యంలో సాధారణ ఉల్లంఘనలకు 2022 సవరణ జరిమానాను 25,000 నుంచి లక్ష రూపాయల దాకా పెంచింది. ఆ అంకెను పటం కిందే మేకలాయనకూ బండాయనకూ ఒకే సైజులో రాయాలి. ఆ పైన క్లబ్బులతో ఒక ఒప్పందం. హద్దు లోపల ఏ బండి జాడ కనబడినా, అది ఎవరిదైనా సరే, నెల రోజులు అన్ని జట్లకూ ఆ దారి మూసివేత. జాడ చూసి కబురు చేసిన కాపరికి బహుమానం, ఆ డబ్బు క్లబ్బుల డిపాజిట్టు నుంచే.

ఈ కాగితం తీసుకుని ఒక శనివారం పొద్దున జమ్మలమడుగు టీ అంగడి దగ్గర నిలబడి సంతకాలు అడిగితే సరిపోతుంది. ఇంజన్లు ఎంత తొందరగా స్టార్టవుతాయో సైలెన్సర్లే చెబుతాయి.